రిలే చెడిందా, మన కనెక్షన్ తప్పా: 11 కేవీ ప్యానెల్‌లో సెకండరీ ఇంజెక్షన్

11 కేవీ ఫీడర్‌లో ఫాల్ట్ వచ్చి, ఆ ఫీడర్ బ్రేకర్ పడకుండా పైనున్న గ్రూప్ కంట్రోల్ బ్రేకర్ (కొన్ని ఫీడర్లకు కలిపి ఉండేది) పడిందంటే అందరూ ముందు రిలేనే, అంటే ఫాల్ట్ పసిగట్టి బ్రేకర్‌కి ట్రిప్ ఇచ్చే పరికరాన్నే అనుమానిస్తారు. టెస్ట్ కిట్ తెచ్చి నేరుగా రిలేకే కరెంట్ పంపి చూస్తే (సెకండరీ ఇంజెక్షన్ అంటే ఇదే) చాలాసార్లు రిలే బాగానే ఉంటుంది. ట్రిప్ లింక్ వదులుగా ఉండటమో, బ్యాటరీ దిగిపోవటమో, ట్రిప్ కాయిల్ పోవటమో అసలు కారణంగా తేలుతుంది. దీనికి తిరగేసిన తప్పు కూడా అంతే మామూలు. శుభ్రంగా పనిచేసే రిలే టెస్ట్ రిపోర్టులో 'డిఫెక్టివ్' అయిపోతుంది. రిలేలో లోపం ఏమీ ఉండదు, దానికి కిట్ తగిలించిన తీరే తప్పు. ఈ రెండో రకం తప్పుల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

లెక్కలకు ఒక ప్యానెల్ అనుకుందాం. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో 11 కేవీ ఫీడర్, సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) 200/5, అంటే లైన్‌లో 200 ఆంపియర్లకు రిలేకి 5 వచ్చేది, రెండు ఓవర్‌కరెంట్ ఎలిమెంట్లు, ఒక ఎర్త్ ఫాల్ట్ ఎలిమెంట్. ఓవర్‌కరెంట్ ప్లగ్ (ఎంత కరెంట్‌కి కదలాలో చెప్పే సెట్టింగ్) 100 శాతం, అంటే 5 ఆంపియర్లు. ఎర్త్ ఫాల్ట్ 20 శాతం, అంటే 1 ఆంపియర్. రెండింటికీ టైం మల్టిప్లయర్ (ట్రిప్ ఆలస్యాన్ని పెంచి తగ్గించే సెట్టింగ్) 0.1. హైసెట్ (ఆలస్యం లేకుండా వెంటనే ట్రిప్ ఇచ్చే ఎలిమెంట్) 6 రెట్లు, అంటే 30 ఆంపియర్లు. డీసీ 30 వోల్టులు.

ఎల్‌సీ (లైన్ క్లియర్, ఫీడర్ సప్లై ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకున్నాక, కిట్ ఆన్ చేయకముందు

కిట్ బాడీకి ఎర్త్ వైర్ ముందు బిగించాలి, ఆ తర్వాతే 230 వోల్టుల సప్లై ప్లగ్ పెట్టాలి. విప్పేటప్పుడు ఎర్త్ చివరికి. ఎర్త్ కోసం ప్యానెల్ పెయింట్ మీద క్లిప్ తగిలించి 'ఎర్త్ చేశాం' అనుకోవద్దు, కాపర్ ఎర్త్ బార్ వెతకండి.

సీటీ సర్క్యూట్ విడదీయడంలో వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రైమరీలో లోడ్ ఉండగా సెకండరీ తెరుచుకుంటే టెర్మినళ్ల మధ్య వేల వోల్టులు పుడతాయి. అందుకే టెస్ట్ టెర్మినల్ బ్లాక్ దగ్గర ముందు సీటీ వైపు షార్ట్ చేయాలి. కరెంట్ షార్ట్‌లోంచి వెళుతోందని, రిలే వైపు సున్నా అయిందని మిల్లీఆంప్ క్లాంప్ మీటర్‌తో చూడాలి. అప్పుడే లింక్ తీయాలి. ఫీడర్ ఎల్‌సీలో ఉంది, ప్రైమరీలో కరెంటే లేదు కదా అని ఈ వరస వదిలేయొద్దు. ఇవాళ ఫీడర్ మీద వదిలేసే అలవాటు రేపు ఛార్జ్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్యానెల్ దగ్గర కూడా చేతికి వస్తుంది. టెస్ట్ ప్లగ్ వాడేవాళ్లు ప్లగ్‌లో సీటీ వైపు వేళ్ల మధ్య షార్టింగ్ లింకులు ముందే పెట్టి, ఆ తర్వాతే దాన్ని బ్లాక్‌లోకి నెట్టాలి. నెట్టాక షార్ట్ చేద్దామంటే ఆలస్యమైపోయినట్టే.

ట్రిప్ లింకులు తీయాలి. ఒక్క ఫీడర్ బ్రేకర్‌కి వెళ్లేదే కాదు, ఆ రిలే నుంచి ఇంకెక్కడికి ట్రిప్ వెళుతోందో డ్రాయింగ్‌లో చూసి అన్నీ తీయాలి. 132 కేవీ సబ్‌స్టేషన్లలో బ్రేకర్ ఫెయిల్యూర్ (బ్రేకర్ పడకపోతే బస్ మీది మిగతావన్నీ పడేసే ఏర్పాటు) స్టార్ట్ అయ్యే వైరు ఒకటి మరిచిపోతే, ఒక్క ఫీడర్ టెస్టింగ్‌తో బస్ మొత్తం ఆగిపోతుంది. వోల్టేజ్ కూడా పంపాల్సిన రిలే అయితే పీటీ (పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజ్ తగ్గించి రిలేకి ఇచ్చేది) వైపు తప్పనిసరిగా విడదీయాలి. పీటీకి సెకండరీ వైపు నుంచి 110 వోల్టులు ఇస్తే ప్రైమరీ వైపు పూర్తి 11 కేవీ లేస్తుంది, అక్కడ ఎవరైనా పనిచేస్తూ ఉండొచ్చు.

రిలేకి డీసీ కిట్ నుంచే ఇస్తుంటే ముందు మీటర్ పెట్టి చూడండి. పాత టెస్ట్ ఫైల్ తెరిస్తే అందులో 220 వోల్టులు ఉండిపోయి ఉండొచ్చు. 30 వోల్టుల రిలే పవర్ సప్లై కార్డు దానికి ఒక్క క్షణం కూడా ఆగదు.

ఏ టెర్మినల్‌లో పంపి, ఏ టెర్మినల్‌లో తీయాలి

కొత్తగా కిట్ పట్టుకున్నవాళ్లు ఆర్ ఫేజ్‌లో పంపి న్యూట్రల్‌లో తీసి, 'ఓవర్‌కరెంట్ 1 ఆంపియర్‌కే పికప్ అవుతోంది (కదలడం మొదలుపెడుతోంది), 5 కి కావాలి కదా' అంటారు. ఓవర్‌కరెంట్ పికప్ కాలేదు. ఆర్ నుంచి న్యూట్రల్‌కి వెళ్లే కరెంట్ ఎర్త్ ఫాల్ట్ కాయిల్‌లోంచే పోతుంది కాబట్టి 1 ఆంపియర్ సెట్టింగ్ ఉన్న ఆ ఎలిమెంట్ ముందు లేచింది. ఫ్లాగ్ (ఏ ఎలిమెంట్ పనిచేసిందో చూపే గుర్తు) చూడకుండా టైమర్ మాత్రమే చూస్తే ఇలాగే మోసపోతాం.

సీడీజీ 31 లాంటి పాత ఎలక్ట్రోమెకానికల్ (డిస్క్ తిరిగి కాంటాక్ట్ మూసే) రిలేలను రెండు ఓవర్‌కరెంట్, ఒక ఎర్త్ ఫాల్ట్‌గా వాడిన చోట ఓవర్‌కరెంట్ కాయిల్స్ ఆర్, బీ ఫేజుల్లో ఉంటాయి. వై ఫేజ్ నేరుగా స్టార్ పాయింట్‌కి వస్తుంది, అక్కడి నుంచి న్యూట్రల్‌కి మధ్యలో ఎర్త్ ఫాల్ట్ కాయిల్. ఇది గుర్తుంటే పని తేలిక. ఆర్‌లో పంపి వైలో తీస్తే ఒక్క ఆర్ ఎలిమెంటే కదులుతుంది. బీలో పంపి వైలో తీస్తే బీ ఒక్కటే. వైలో పంపి న్యూట్రల్‌లో తీస్తే ఎర్త్ ఫాల్ట్ ఒక్కటే. ఆర్‌లో పంపి బీలో తీయడం చాలామంది చేస్తారు, తప్పేమీ కాదు. అయితే రెండు డిస్కులూ ఒకేసారి తిరుగుతాయి, ఏది ముందు చేరితే అదే టైమర్ ఆపుతుంది. నెమ్మదిగా ఉన్న రెండో ఎలిమెంట్ ఎప్పటికీ బయటపడదు.

మూడు ఫేజుల న్యూమరికల్ (డిజిటల్) రిలే అయితే సమతూకంగా మూడు ఫేజుల కరెంట్ పంపడం, లేదా రెండు ఫేజుల మధ్య పంపడం. ఏ ఒక్క ఫేజ్‌నో విడిగా పరీక్షించాలంటే ఎర్త్ ఫాల్ట్‌ని తాత్కాలికంగా ఆపాలి. నెగెటివ్ సీక్వెన్స్ (ఫేజుల అసమతూకాన్ని పట్టేది), తెగిన కండక్టర్ ఎలిమెంట్లు ఆన్‌లో ఉంటే వాటి సంగతీ అంతే. ఇలా ఆపిన ప్రతిదాన్నీ ఒక కాగితం మీద రాసి, ప్యానెల్ తలుపుకే అంటించుకోవాలి.

న్యూమరికల్ రిలేలో ట్రిప్ టెస్టుల కంటే ముందు ఒక చిన్న పని చేస్తే అరపూట కలిసొస్తుంది. ఆర్‌లో 0.5, వైలో 1.0, బీలో 1.5 ఆంపియర్లు 120 డిగ్రీల తేడాతో పంపి తెర మీద చూడండి. 200/5 కి 20, 40, 60 ఆంపియర్లు కనిపించాలి, న్యూట్రల్‌లో 34.6 చూపాలి. సెకండరీలో అది 0.866 ఆంపియర్లే, ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ 1 కంటే తక్కువ కాబట్టి పికప్ కూడా కాదు. మూడింటిలోనూ సమానంగా పంపితే ఫేజులు అటూ ఇటూ మారినా అంకెలు ఒకేలా ఉంటాయి. వేర్వేరుగా పంపితే వెంటనే దొరికిపోతుంది. అన్నీ అయిదు రెట్లు తేడాగా వస్తే 1 ఆంపియర్, 5 ఆంపియర్ల టెర్మినళ్లు తారుమారయ్యాయి, లేదా సీటీ సెకండరీ సెట్టింగ్ తప్పు.

టైం ఎక్కడ కొలవాలి, ఎక్కడ కొలవకూడదు

ఐఈసీ నార్మల్ ఇన్వర్స్ కర్వ్‌కి (కరెంట్ పెరిగేకొద్దీ టైం తగ్గేది) టైం ఇలా వస్తుంది: 0.14 ని, కరెంట్ సెట్టింగ్‌కి ఎన్ని రెట్లో ఆ సంఖ్యను 0.02 ఘాతానికి పెంచి ఒకటి తీసేసిన దానితో భాగించి, టైం మల్టిప్లయర్‌తో గుణించాలి. మల్టిప్లయర్ 1 దగ్గర 2 రెట్లకు 10.03 సెకన్లు, 5 రెట్లకు 4.28, 10 రెట్లకు 2.97. మన ప్యానెల్‌లో 0.1 కాబట్టి 1.003, 0.428, 0.297.

కొందరు 1.3 రెట్ల దగ్గర కూడా టైం తీసి పట్టికలో రాస్తారు. ఆ అంకెతో పెద్ద ప్రయోజనం లేదు. అక్కడ కర్వ్ నిట్టనిలువుగా ఉంటుంది, కరెంట్ 2 శాతం తగ్గితే టైం 8 శాతం పైగా పెరుగుతుంది. అదే 5 రెట్ల దగ్గర 2 శాతం తేడాకి టైంలో వచ్చే మార్పు 1.3 శాతమే. 2, 5, 10 రెట్ల దగ్గర చూస్తే సరిపోతుంది.

అయితే మన ప్యానెల్‌లో 10 రెట్లంటే 50 ఆంపియర్లు, హైసెట్ 30 దగ్గరే ఉంది. 50 పంపితే హైసెట్ కొట్టేస్తుంది, టైమర్ 30, 40 మిల్లీసెకన్లు చూపిస్తుంది, 'కర్వ్ తప్పు' అని రాసేస్తారు. కర్వ్ చూడాలంటే హైసెట్‌ని ఆపాలి లేదా పూర్తిగా పైకి పెట్టాలి. 50 ఆంపియర్లు ఒక చానెల్‌తో రావు కూడా. ఆమిక్రాన్ సీఎంసీ 356 లో ఒక్కో కరెంట్ చానెల్ గరిష్ఠం 32 ఆంపియర్లు, జతగా సమాంతరంగా కలిపితే 64. కలిపినప్పుడు సాఫ్ట్‌వేర్‌లోనూ అదే అమరిక ఎంచుకోవాలి, లేకపోతే తెర మీద ఒక అంకె, వైరులో ఇంకో అంకె.

హైసెట్‌ని ర్యాంప్‌తో వెతకొద్దు. కరెంట్ మెల్లగా పెంచుతూ పోతే 30 చేరేలోపు ఇన్వర్స్ టైం ఎలిమెంటే ట్రిప్ ఇచ్చేస్తుంది. పల్స్ పంపాలి. 28.5 ఆంపియర్లు 200 మిల్లీసెకన్లు పంపితే ట్రిప్ రాకూడదు. 5.7 రెట్లకు ఇన్వర్స్ టైం 0.395 సెకన్లు కాబట్టి అది ఈలోపు అడ్డురాదు. 31.5 ఆంపియర్లు పంపితే వెంటనే రావాలి. ఈ రెండూ అయితే హైసెట్ 5 శాతం లోపల ఉందని తేలినట్టే.

ఇన్వర్స్ ఎలిమెంట్ పికప్ ర్యాంప్‌తోనే చూస్తాం, కానీ ట్రిప్ కాంటాక్ట్ మీద కాదు, స్టార్ట్ కాంటాక్ట్ (పికప్ అయిన వెంటనే మూసుకునేది) మీద. ట్రిప్ కాంటాక్ట్ పెట్టి ర్యాంప్ చేస్తే ఆలస్యం అంతా పికప్‌లో కలిసిపోయి ఎక్కువ చూపిస్తుంది. న్యూమరికల్ రిలేలు కొన్ని సెట్టింగ్‌కి 1.05 రెట్ల దగ్గర, కొన్ని 1.1 దగ్గర లేస్తాయి. 5 ఆంపియర్ల సెట్టింగ్‌కి 5.5 దగ్గర లేచిందని తప్పు పట్టేముందు మాన్యువల్ చూడండి. పాత డిస్క్ రిలే 1.3 రెట్లలోపు కాంటాక్ట్ మూయాలి.

డిస్క్ రిలేల మీద ఇంకో మాట. ఒక షాట్ అయ్యాక డిస్క్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆగేదాకా ఆగాలి. మల్టిప్లయర్ 1 దగ్గర అది 10 సెకన్ల మాట. తొందరపడి రెండో షాట్ కొడితే సగం దూరం ముందే తిరిగి ఉంటుంది కాబట్టి టైం తక్కువ వస్తుంది. 0.1 లాంటి చిన్న సెట్టింగ్‌లో డయల్ గీతను నమ్మొద్దు, గీత మందమంత తేడాకే పది శాతం పోతుంది. ముందు 1.0 దగ్గర కర్వ్ సరిగా ఉందో లేదో చూసుకుని, తర్వాత టైమర్ చూస్తూ 0.428 వచ్చేలా డయల్ తిప్పి వదిలేయాలి. టైం ఒక్కో షాట్‌కి ఒక్కోలా వస్తుంటే అయస్కాంతం సందులో ఇనుప రజను చేరి డిస్క్ రాసుకుంటోందేమో చూడండి. ఊదితే పోదు, జిగురు టేపు చివరతో తీయాలి.

న్యూమరికల్ రిలేకి మాన్యువల్లో ఉండే పరిధి సాధారణంగా ఇంత శాతం లేదా ఇన్ని మిల్లీసెకన్లు, ఏది ఎక్కువైతే అది. 0.297 సెకన్లలో 5 శాతమంటే 15 మిల్లీసెకన్లే. ఇంత చిన్న టైం దగ్గర శాతం పట్టుకుని రిలేని ఫెయిల్ చేయడం అన్యాయం, అక్కడ మిల్లీసెకన్ల హద్దే చూడాలి.

కిట్‌కి కాంటాక్ట్ ఎలా కనిపిస్తుంది

'కరెంట్ వెళ్లింది, రిలే ఫ్లాగ్ పడింది, టైమర్ ఆగలేదు.' అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. కిట్ బైనరీ ఇన్‌పుట్‌ని (రిలే కాంటాక్ట్ చూసి టైమర్ ఆపేది) వోల్టేజ్ లేని కాంటాక్ట్‌గానో, వోల్టేజ్ ఉన్నదిగానో మనమే చెప్పాలి. ప్యానెల్‌లో వైరింగ్ విప్పకుండా ట్రిప్ కాంటాక్ట్ రెండు చివర్ల మధ్య కొలిస్తే, కాంటాక్ట్ తెరిచి ఉన్నప్పుడు ట్రిప్ కాయిల్ గుండా వచ్చిన 30 వోల్టులు అక్కడ నిలబడి ఉంటాయి, మూసుకున్నప్పుడు సున్నా అవుతాయి. అంటే ట్రిప్ వచ్చినప్పుడు ఇన్‌పుట్ 1 నుంచి 0 కి పడుతుంది. కాంటాక్ట్ అవతలి వైపు నుంచి నెగెటివ్‌కి కొలిస్తే 0 నుంచి 1 కి లేస్తుంది. ట్రిప్ లింక్ తీసేశాక మొదటి పద్ధతిలో నెగెటివ్ దారే ఉండదు కాబట్టి ఏమీ కనిపించదు. ఎక్కడ కొలుస్తున్నామో తేల్చుకుని దానికి తగ్గట్టు ట్రిగ్గర్ పెట్టాలి. వోల్టేజ్ లేనిదిగా పెట్టిన ఇన్‌పుట్‌కి స్టేషన్ డీసీ తగిలిస్తే కొన్ని కిట్లు తట్టుకుంటాయి, కొన్నిటిలో ఇన్‌పుట్ కార్డే పోతుంది.

థ్రెషోల్డ్ (ఇన్‌పుట్‌ని 1 గా లెక్కించే వోల్టేజ్ హద్దు) డీసీలో 60, 70 శాతం దగ్గర ఉంచాలి. 220 వోల్టుల స్టేషన్‌కి పెట్టిన 150 వోల్టుల థ్రెషోల్డ్ అలాగే ఉంటే 30 వోల్టుల ప్యానెల్‌లో కిట్‌కి ఎప్పటికీ ట్రిప్ కనిపించదు. పాత రిలే కాంటాక్ట్ అదురుతుంటే 3 నుంచి 5 మిల్లీసెకన్ల డీబౌన్స్ (అంతలోపు అదురును లెక్కచేయకపోవడం) చాలు.

కిట్ మీద ఓవర్‌లోడ్ లైట్ వెలిగితే

డిజిటల్ రిలే కరెంట్ ఇన్‌పుట్ దాదాపు షార్ట్ సర్క్యూట్ లాంటిది, కిట్‌కి బరువే తెలియదు. పాత డిస్క్ రిలే అలా కాదు. సీడీజీ రకం కాయిల్ సెట్టింగ్ కరెంట్ దగ్గర సుమారు 3 వోల్ట్ ఆంపియర్లు తీసుకుంటుంది. మన ప్యానెల్‌లో 1 ఆంపియర్‌కి అది 3 ఓములు, ఫర్వాలేదు. అదే 1 ఆంపియర్ సీటీ మీద 10 శాతం ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ అయితే 0.1 ఆంపియర్‌కి 30 వోల్టులు కావాలి, అంటే 300 ఓములు. 10 రెట్లు పంపేటప్పుడు కోర్ సాచురేట్ అయి ఇంపీడెన్స్ తగ్గుతుంది, అయినా చాలా కిట్లకు ఆ వోల్టేజ్ అందదు. అప్పుడు తరంగం తల తెగుతుంది, హార్మోనిక్స్ చేరతాయి, డిస్క్ వేగం మారుతుంది, టైం ఎక్కువ వస్తుంది. రిలే మీద నింద పడుతుంది.

కిట్ ఒప్పుకుంటే రెండు కరెంట్ చానెళ్లను సిరీస్‌లో పెట్టి వోల్టేజ్ పెంచుకోవచ్చు. వేరియాక్‌తో (చేత్తో తిప్పి వోల్టేజ్ మార్చే ట్రాన్స్‌ఫార్మర్) నడిచే పాత రకం కిట్ అయితే సిరీస్‌లో రెసిస్టెన్స్ వీలైనంత ఎక్కువ ఉంచి, వేరియాక్ పైకి తిప్పి కరెంట్ తెచ్చుకోవాలి. రెసిస్టెన్స్‌దే పైచేయి అయితే కాయిల్ ఎంత వంకర ఇంపీడెన్స్ చూపినా తరంగం నిలబడుతుంది. రెసిస్టెన్స్ తగ్గించేసి వేరియాక్ కొంచెమే తిప్పి అదే కరెంట్ తెచ్చినా మీటర్ మీద అంకె ఒకటే, కానీ టైం ఒకటి కాదు. ఒకే రిలేకి ఇద్దరు రెండు రకాల టైం రాయడానికి చాలాసార్లు కారణం ఇదే.

లీడ్లు కూడా లెక్కలోకి వస్తాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకి 7.4 ఓములు. పది మీటర్ల జత లీడ్‌కి 0.15 ఓములు, 30 ఆంపియర్ల దగ్గర 4.4 వోల్టులు లీడ్లలోనే పోతాయి. పొట్టి, లావు లీడ్లు వాడండి, చుట్టగా చుట్టి ఉంచొద్దు.

డిఫరెన్షియల్ రిలేకి (ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపుల కరెంట్లను పోల్చేది) వేరే పోస్టే కావాలి, ఒక్క ముక్క మాత్రం చెప్పి వదిలేస్తాను. డీవైఎన్ 11 ట్రాన్స్‌ఫార్మర్‌కి (ఎల్‌వీ, అంటే తక్కువ వోల్టేజ్ వైపు, హెచ్‌వీ అనే ఎక్కువ వోల్టేజ్ వైపు కంటే 30 డిగ్రీలు ముందుండేది) రెండు వైపులా కరెంట్ పంపి రిలే స్థిరంగా ఉందో చూసేటప్పుడు, సీటీ పోలారిటీ రెండూ ట్రాన్స్‌ఫార్మర్ వైపే ఉంటే హెచ్‌వీ ఆర్ ఫేజ్ సున్నా డిగ్రీలకు ఎల్‌వీ ఆర్ ఫేజ్ 210 డిగ్రీలు. 180 మాత్రమే పెట్టి డిఫరెన్షియల్ కరెంట్ కనిపిస్తోందని వెక్టర్ గ్రూప్ సెట్టింగ్ మార్చేయొద్దు.

మళ్లీ కలిపేటప్పుడు

కిట్ పని అయిపోయినా ప్రొటెక్షన్ పరీక్ష ఇంకా అవలేదు. ట్రిప్ లింక్ పెట్టి, బ్రేకర్ క్లోజ్ చేసి, కిట్‌తో ఒక్క షాట్ పంపి బ్రేకర్ పడేదాకా చూడాలి. ఓవర్‌కరెంట్‌కి ఒకటి, ఎర్త్ ఫాల్ట్‌కి ఒకటి. వీలైతే డీసీ తగ్గించి కూడా చూడాలి. ట్రిప్ కాయిల్ 70 శాతం వోల్టేజ్‌కి కూడా పనిచేయాలి, అంటే 30 వోల్టుల బ్యాటరీకి 21 దగ్గర. ఫాల్ట్ వచ్చిన రాత్రి ఛార్జర్ ఆగిపోయి ఉంటే బ్యాటరీ చేతిలో మిగిలేది దాదాపు అంతే.

తర్వాత తలుపుకి అంటించిన కాగితం తీసి, ఆపిన ఎలిమెంట్లన్నీ తిరిగి ఆన్ చేయాలి. స్టార్ట్ కాంటాక్ట్ కోసం మార్చిన అవుట్‌పుట్ మ్యాపింగ్ వెనక్కి పెట్టాలి. మొదట దించుకున్న సెట్టింగ్ ఫైలునీ ఇప్పటి ఫైలునీ సాఫ్ట్‌వేర్‌లో పోల్చాలి, కంటితో కాదు. డిస్క్ రిలేలో ప్లగ్ సరిగ్గా కూర్చుందో చూడాలి, ప్లగ్ లేని బ్రిడ్జి తనంతట తానే అన్నిటికంటే పై సెట్టింగ్‌కి వెళ్లిపోతుంది. సీటీ లింక్ ముందు మూసి, షార్ట్ తర్వాత తీయాలి.

ఫీడర్ ఛార్జ్ చేసి, లోడ్ వచ్చేదాకా కిట్ సర్దుకుని వెళ్లిపోవద్దు. ప్యానెల్ మీటర్ 30 ఆంపియర్లు చూపుతుంటే రిలే వైపు మూడు ఫేజుల్లోనూ క్లాంప్ మీటర్‌కి 0.75 ఆంపియర్లు రావాలి, న్యూట్రల్‌లో దాదాపు ఏమీ ఉండకూడదు. ఏదో ఒక ఫేజ్‌లో సున్నా చూపి, న్యూట్రల్‌లో 0.75 వస్తోందంటే ఆ ఫేజ్ షార్టింగ్ లింక్ ఇంకా టెర్మినల్ బ్లాక్‌లోనే ఉంది. లోడ్ ఇంకాస్త పెరిగేలోపు దాన్ని తీయకపోతే ఎర్త్ ఫాల్ట్ మీద ఫీడర్ పడుతుంది, మళ్లీ రిలే చెడిందనే ఫోన్ వస్తుంది.